మునిగేవాళ్ళకు దేశ పరిచయం

ఆ రోజుల్లో నా నోట ‘నాకు తెలియదు’ అనే మాట విన్నవాళ్ళు మా ఇంట్లో గానీ మా వీధిలో గానీ ఒక్కరూ లేరు. తగరపువలస వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందని దారినపోయే పెద్దాయన అడిగితే, తెలిసినా తెలియకపోయినా చెయ్యి ఏదో ఒక వైపు గట్టిగా చూపించేవాణ్ణి. (ఆ పెద్దాయన ఆ పూట పూర్తిగా ఎదురు దిక్కునున్న మల్కాపురంలో దిగి ఉంటే ఆ పాపం నాదే. ఇప్పటికైనా క్షమించాలి.) అబద్ధం చెబుతున్నానని నాకెప్పుడూ అనిపించేది కాదు. అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపించడం మర్యాద కాదనుకునేవాణ్ణి. వయసు అలాంటిది. తొంభైల చివరి రోజులు, డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయింది, మీసం సగం వచ్చింది, మాట మాత్రం పూర్తిగా వచ్చేసింది.

మా నాన్నగారు పోర్టు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి మల్కాపురంలో స్థిరపడినవారు. మిగిలిపోయిన ఆ పేపరు ఇక ఎప్పటికీ మిగిలే ఉంటుందని ఆయనకు నాకంటే ముందే అర్థమై, స్టీలు ప్లాంటులో ఒక కాంట్రాక్టరుతో మాట్లాడి పెట్టారు. ఎండలో ఇనుప కడ్డీలు లెక్కపెట్టి లారీలకు ఎక్కించే పని. ఆ మాట వినగానే నాకు జ్వరం వచ్చినంత పనైంది. అప్పుడు అడ్డుపడ్డది మా అక్క. వాళ్ళాయన, అంటే మా బావగారు, సీతమ్మధారలో ఒక ట్రావెల్స్ షాపు నడిపేవారు. రైలు టిక్కెట్లు, అరకు బస్సులు, తిరుపతి యాత్రలు, ఇంతే వ్యాపారం. అక్క మాట కాదనలేక ఆయన నాన్నగారితో, “కొన్నాళ్ళు నా దగ్గర ఉంచండి మావయ్యగారూ. వీడి నోరు పనికొచ్చే చోటు భూమ్మీద ఎక్కడైనా ఉంటే అది నా షాపే,” అన్నారు. అది పొగడ్త అనుకుని నేను చాలా రోజులు మురిసిపోయాను.

ఇలా ఉండగా ఒక చలికాలం చివర మద్రాసు నుంచి ఒక ఏజెంటు బావగారికి ఫోను చేశాడు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగే విదేశీయులు ముగ్గురు తూర్పు తీరం వెంబడి వస్తున్నారట. వాళ్ళను స్కూబా డైవర్లు అంటారట. ఏ ఊళ్ళో దిగడానికి బాగుంటే ఆ ఊరికి ఏటా జట్లను పంపిస్తారట. విశాఖలో ఒక్క రోజే ఉంటారు. వచ్చిన సాయంత్రం ఎవరైనా వాళ్ళకు మన దేశాన్ని కాస్త పరిచయం చెయ్యాలి, మర్నాడు పొద్దున్న పడవలో సముద్రం మీదికి తీసుకెళ్ళాలి. బావగారు శివరాత్రికి సముద్ర స్నానం చేసేవాళ్ళను చూశారు గానీ, అడుగు చూడ్డానికి డబ్బులిచ్చి దిగేవాళ్ళ సంగతి ఎన్నడూ వినలేదు. ఫోను పెట్టేసి నావైపు తిరిగి, సముద్రం గురించి నీకేమైనా తెలుసా అని అడిగారు. వైజాగులో పుట్టినవాణ్ణి, నాకు కాక ఎవరికి తెలుస్తుందన్నాను. (నిజం చెప్పాలంటే నేను మోకాళ్ళు దాటి సముద్రంలోకి దిగి ఎరగను. దిగనని మా అమ్మ చిన్నప్పుడే నెత్తిమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఈత అసలే రాదు.) బావగారు తేల్చి చెప్పేశారు. వాళ్ళు ముగ్గురూ సంతోషంగా వెళితే షాపులో నా కుర్చీ నాది. లేకపోతే సోమవారం నుంచి ఇనుప కడ్డీల దగ్గరికి.

పడవ మాట్లాడటానికి భీమిలి రోడ్డు మీదున్న ఒక మత్స్యకారుల పేటకు వెళ్ళాను. మీసాల మావ అని అందరూ పిలిచే ఒకాయన ఇసుకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. మీసం తెల్లగా, రెండు వైపులా ఎత్తుగా ఉంటుంది. తన బోటు మోటారు ముందు ఊళ్ళో మిగతా మోటార్లన్నీ కుట్టు మిషన్లతో సమానమని మొదట ఒక పావుగంట చెప్పాడు. నేను కూడా తగ్గకుండా మా షాపు గొప్పలూ, సముద్రం నాకెంత బాగా తెలుసో చెప్పాను. ఇద్దరం ఒకరికొకరం బాగా నచ్చాం. ఒడ్డుకు దూరంగా నీళ్ళ కింద బండరాళ్ళు ఉన్న చోటు తనకు తెలుసని, అక్కడికి తీసుకెళతానని ఒప్పుకున్నాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

“సూడు బాబూ, సెప్పులేసుకుని నా బోటు ఎవుడూ ఎక్కకూడదు. కలెక్టరొచ్చినా అంతే. అది గంగమ్మ. నీ దొరలకి ముందే సెప్పేయి, తరవాత నన్ననకు.”

ఈ ఒక్క మాట మాత్రం నేను చాలా శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాను. అసలు కష్టమంతా అక్కడే వచ్చింది.

వాళ్ళు వ్యానులో వచ్చారు. ముగ్గురిలో పెద్దావిడకు అరవై దాటి ఉంటాయి. మగవాళ్ళలా కత్తిరించుకున్న తెల్లజుట్టు, ఎండకు కమిలిన ముఖం. జట్టుకు ఆవిడే నాయకురాలు. మిగతా ఇద్దరిలో ఒకాయన తాటిచెట్టంత పొడుగు, ఒకాయనకు ఎర్రటి గడ్డం. పేర్లు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు. వ్యానులోంచి సిలిండర్లు దింపుతుంటే షాపు ముందు జనం మూగారు. బయానా కోసం వచ్చిన మీసాల మావ కూడా వ్యానులోకి తొంగిచూశాడు. పై వాటాలో ఉండే పిన్నిగారు గబగబా మెట్లు దిగి వచ్చి, “బాబూ, బుక్ చేసి ఎన్నాళ్ళయిందో, ఇంకా రాలేదు. ఇందులో ఒకటి మా ఇంటికి ఇప్పించరాదూ,” అంది. ఇందులో ఉన్నది వంట గ్యాసు కాదు, వట్టి గాలి అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను మాత్రం, చూద్దాం పిన్నిగారూ, వీళ్ళ పని కానివ్వండి అన్నాను. ఆవిడ ఆ సాయంత్రం మా ముగ్గురు అతిథులకూ టీ పంపించింది.

దేశ పరిచయం వాళ్ళు దిగిన లాడ్జి భోజనాల హాలులో జరిగింది. పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం రెండు రాత్రులు బట్టీ పట్టి వెళ్ళాను. మన దేశం ద్వీపకల్పం, మూడు వైపులా సముద్రం, ఉత్తరాన హిమాలయాలు, అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నదులు, ఋతుపవనాలు, జొన్నలు పండే నేలలు, ఎవరి తరవాత ఎవరు రాజ్యం చేశారు, ఇలా ఒక గంట సాగింది. వాళ్ళు పాపం చాలా మర్యాదస్తులు. జొన్నల దగ్గర కూడా తల ఊపారు. మూడు వైపులా సముద్రం అన్న తరవాత నేను మళ్ళీ ఆ సముద్రం వైపు వెళ్ళలేదన్న సంగతి మాత్రం వాళ్ళు కనిపెట్టారు. పెద్దావిడ మెల్లగా, ఇక్కడ నీళ్ళ కింద ఎంత దూరం కనిపిస్తుందని అడిగింది. మీరు ఎంత దూరం చూడగలిగితే అంత దూరం అన్నాను. అడుగున ఏముందని పొడుగాయన అడిగాడు. అన్నీ ఉన్నాయన్నాను. ఎర్రగడ్డం ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ టీ కప్పులోకి చూసింది.

నీళ్ళలో నిలబడలేనని తెలిసి, నాకు బాగా వచ్చిన పాఠంలోకి దూకాను. అది మా నాయనమ్మ పెట్టిన భిక్ష. కుడిచేత్తో ఇవ్వాలి, కుడిచేత్తో పుచ్చుకోవాలి. పుస్తకం తొక్కకూడదు. గడప బయటే చెప్పులు విడవాలి. గుళ్ళో, ఇంట్లో, కొన్ని షాపుల్లో, అన్నిటికంటే ముఖ్యంగా పడవలో, కాళ్ళకు ఏమీ ఉండకూడదు. పడవ మాకు తల్లి అని చెప్పేటప్పుడు నా గొంతు నాకే గద్గదంగా వినిపించింది. ఎర్రగడ్డం ముందుకు వంగి, కాళ్ళకు తొడిగేది ఏదైనా అంతేనా అని అడిగాడు. ఏదైనా అంతే అన్నాను. అతను రెండు అరచేతులూ గాలిలో పైకీ కిందికీ ఆడించి, ఇవి కూడానా అన్నాడు. ఆ చేతులేమిటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఒక దేశం తరఫున నిలబడ్డవాడు తడబడకూడదు కదా. “అవి కూడా. ముఖ్యంగా అవి,” అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి పెద్దావిడ, మీ ఆచారం మాకు గౌరవమే, అలాగే చేస్తాం అంది. నేను చేతులు జోడించాను. ఆ రాత్రి షాపులో కుర్చీ నాదేనన్న ధీమాతో హాయిగా నిద్రపోయాను.

మర్నాడు తెల్లవారుతుండగా మీసాల మావ బోటు ముందుకొనకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించాడు. అతిథులు ముగ్గురూ వట్టి కాళ్ళతో, గుడికి వచ్చినట్టుగా ఎక్కారు. మావ మీసం సవరించుకుని నావైపు మెచ్చుకోలుగా చూశాడు. మోటారు దగ్గర ఆయన అల్లుడు కూర్చున్నాడు. ఒడ్డు నుంచి సముద్రాన్ని చూడటమే గానీ సముద్రం మీద నుంచి ఊరిని చూడటం నాకు అదే మొదలు. కైలాసగిరి కొండ ఒక పక్క, డాల్ఫిన్స్ నోస్ కొండ మరో పక్క, మధ్యలో మా ఊరంతా చేత్తో ఎత్తి జేబులో వేసుకోవచ్చుననిపించేంత చిన్నగా ఉంది. రేవులోకి పిలుపు కోసం కాచుకున్న ఓడలు బయట నిలబడి ఉన్నాయి. వాటి పక్కనుంచి పోతుంటే తల ఎంత ఎత్తినా పై అంచు కనబడలేదు. నోరు తెరిచాను. అయితే ఆశ్చర్యంతో పాటు పొద్దున తిన్న ఉప్మా కూడా బయటికి వచ్చింది.

“ఏటి బాబూ,” అన్నాడు మావ, “సముద్రం నాకే తెల్సన్నావు. దానికి నువ్వు తెల్దేటి?”

బండల చోటికి వచ్చాక అల్లుడు లంగరు వేశాడు. ముగ్గురూ నల్లటి రబ్బరు దుస్తులు, సిలిండర్లు, అద్దాలు తగిలించుకుని అంచున కూర్చున్నారు. కూర్చుని, దిగకుండా, నీళ్ళ వైపు చూస్తున్నారు. ఏదైనా ప్రార్థన చేసుకుంటున్నారేమోనని నేను కూడా కాసేపు చేతులు కట్టుకున్నాను. ఎంతకూ లేవకపోతే ఏమైందని అడిగాను. పెద్దావిడ తన వట్టి పాదాలను చూపించి చెప్పింది. నీళ్ళ కింద ఈదటానికి కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలుంటాయి. అవి లేకపోతే ఇంత బరువుతో ప్రవాహానికి ఎదురు వెళ్ళడం కష్టం. నిన్న నువ్వు చెప్పిన మాట ప్రకారం వాటిని లాడ్జిలో వదిలేసి వచ్చాం. తీరా ఇక్కడికి వచ్చాక దిగగలమో లేదో ఆలోచిస్తున్నాం అని.

రాత్రి ఎర్రగడ్డం గాలిలో ఆడించిన అరచేతులు ఏమిటో అప్పుడు అర్థమైంది. ఒడ్డుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి గాలి లేచి నీళ్ళు కలక బారతాయి. మర్నాడు పొద్దున్నే వాళ్ళు ఒరిస్సా వైపు వెళ్ళిపోవాలి. అంటే అక్కడితో సరి. మడిచిన వేళ్ళ మధ్య నాకు ఇనుప కడ్డీ తగిలినట్టే అనిపించింది. సంగతి మావకు తెలుగులో చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశాడు.

“అవా? నిన్న యేనులో సూసినాను గదా. నల్లగా, పొడుగ్గా. సేప తోకల్లాటివి. నాను సెప్పులొద్దన్నాను గానీ తోకలొద్దన్నానేటి?”

అల్లుడు మోటారు మీద తల పెట్టి నవ్వాడు. ఆయన ఏమన్నాడని పెద్దావిడ అడిగింది. తప్పించుకునే చోటు పడవలో ఎక్కడుంటుంది? ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ సిలిండరు ఊగేటట్టు నవ్వింది. పొడుగాయన నవ్వాడు. ఎర్రగడ్డం మాత్రం నవ్వలేదు. ఇంత దూరం వచ్చి దిగకుండా పోవడమంటే ఏమిటో అతని ముఖం చూస్తే తెలిసింది.

ఆవిడ చేత్తో నీళ్ళు కదిపి చూసి, ప్రవాహం పెద్దగా లేదని, లంగరు తాడు పట్టుకుని తానూ పొడుగాయనా దిగి, తాడు చుట్టుపక్కలే చూసి వచ్చేస్తామని నిర్ణయించింది. ఒకరు పైన ఉండాలి కాబట్టి ఎర్రగడ్డం ఉండిపోయాడు. దిగబోతూ నావైపు తిరిగి, నిన్న నువ్వు చెప్పిన ఈ దేశంలో నీళ్ళ కింది భాగాన్ని నువ్వెప్పుడైనా చూశావా అని అడిగింది. దెప్పిపొడుపు లేదు, మామూలుగానే అడిగింది. “లేదు,” అన్నాను. “మోకాళ్ళ దాకానే తెలుసు.” ఆవిడ ఎర్రగడ్డానికేదో చెప్పి, తాడు పట్టుకుని నీళ్ళలోకి జారిపోయింది.

ఎర్రగడ్డం తన అద్దాన్ని నా ముఖానికి బిగించి, గాలి పీల్చుకునే గొట్టం నోట్లో పెట్టాడు. (ఆ గొట్టం నోట్లో ఉంటే మాట్లాడటం కుదరదు. నా విషయంలో ఇంత మంచి పరికరం అంతవరకు ఎవరికీ తోచలేదు.) మావ నా నడుముకు తాడు కట్టి రెండో కొస తన పిడికిట్లో చుట్టుకున్నాడు. అల్లుడు నా కాళ్ళు పట్టుకున్నాడు. అమ్మకు వేసిన ఒట్టు కాళ్ళ గురించే గానీ ముఖం గురించి కాదని మనసులో అనుకుని, పడవ అంచు మీద బోర్లా పడుకుని, ముఖం నీళ్ళలో పెట్టాను.

ఏం చెప్పమంటారు. పైనుంచి చూస్తే సముద్రం ఒక మూత. ఆ మూత కింద ఒక ఆకుపచ్చటి ఆకాశం ఉంది. అందులో నేను వేలాడుతున్నాను. ఎండ ఊచలు ఊచలుగా కిందికి దిగి, కదులుతూ, ఎక్కడో బండల మీద ఆగిపోతోంది. ఆ బండలు రాళ్ళలా లేవు, ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి, ఒళ్ళంతా ఊదా, పసుపు, తుప్పు రంగు నాచు కప్పుకుని. పసుపు చేపల గుంపు ఒకటి ఒక్కసారిగా అటు తిరిగి మాయమై, ఒక్కసారిగా ఇటు తిరిగి మెరిసింది, వాటికి ఎవరో చెబుతున్నట్టు. లంగరు తాడు పట్టుకుని ఆ పెద్దావిడ, నేలమీద మెట్లు దిగడానికి ఆయాసపడిన మనిషి, పక్షి ఈకంత తేలిగ్గా కిందికి వెళుతోంది. ఆవిడ పొట్టి తెల్లజుట్టు గడ్డిలా లేచి ఊగింది. ఆవిడ వదిలిన గాలి పాదరసం గొడుగుల్లా లేచి, లేచి, నా ముఖానికి వచ్చి తగిలి పగిలింది. అన్నిటికంటే వింత, అక్కడ నిశ్శబ్దం లేదు. నిప్పుల మీద ఉప్పు వేస్తే చిటపటలాడుతుందే, సముద్రమంతా ఆ చప్పుడు. ఏవో చిన్న రొయ్యలు గోళ్ళు కొట్టుకునే చప్పుడని ఎర్రగడ్డం తరవాత చెప్పాడు. నిన్న సాయంత్రం నేను జొన్నల గురించి మాట్లాడుతున్నంతసేపూ ఇక్కడ ఇది ఇలాగే నడుస్తోంది. నేను పుట్టక ముందూ నడిచింది. మా ఊరి నుంచి ఇంత దగ్గరలో. నేను భయపడ్డానో, ఏడ్చానో తెలియదు. అద్దం లోపల కూడా ఉప్పునీళ్ళే ఉన్నాయి.

నన్ను పైకి లాగాక మాట రాలేదు. మావ నా బుగ్గలు తట్టి, నాలిక కరుచుకున్నానేమోనని నోరు తెరిపించి చూశాడు. ఏముందని అడిగాడు. చెప్పలేకపోయాను. అద్దం తీసి ఆయన చేతిలో పెట్టాను. మొదట వద్దన్నాడు, అమ్మ కడుపులోకి తొంగిచూడకూడదన్నాడు, కళ్ళు మాత్రం అద్దం మీదే ఉన్నాయి. అల్లుడు, “సూడు మావా, గంగమ్మ ఏటనుకోదులే,” అన్నాడు. మీసం వల్ల అద్దం సరిగా అతుక్కోక రెండుసార్లు నీళ్ళు తాగి, మూడోసారి అలాగే ఉండిపోయాడు. ఎంతసేపటికీ లేవకపోతే మేం ముగ్గురం కంగారుపడి ఆయన్ని పైకి లాగాం. లేచి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ కూర్చున్నాడు.

“నా వలుంది అక్కడ,” అన్నాడు చాలా మెల్లగా. “పోయినేడు తెగిపోయింది. రాయి తినేసిందనుకున్నాను. ఉందిరా అల్లుడూ. బండకి పరిసినట్టుంది. పిల్ల సేపలు దాన్లో ఉయ్యాలూగుతన్నాయి.”

ఆ తరవాత ఒడ్డు చేరేదాకా ఆయన తన మోటారు గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఒడ్డున బావగారు తెల్ల చొక్కా వేసుకుని, మూడు కొబ్బరి బొండాలు కొట్టించి ఎదురు చూస్తున్నారు. ఆయనకు ఇంగ్లీషు అర్థమయ్యేది గానీ ఆ విదేశీ యాస పట్టుబడేది కాదు. అందుకని ఎలా ఉందో అడగమని నన్ను ముందుకు తోశారు. పెద్దావిడ ఆగి ఆగి చెప్పింది. నేను ఆవిడ పక్కన నిలబడి బావగారికి ఒక్కో ముక్కా తెలుగులో అందించాను. “ఈ అబ్బాయి చెప్పినవాటిలో సముద్రం గురించిన ప్రతి మాటా తప్పేనట. ఇతని మాట నమ్మి రెక్కలు వదిలేసి వచ్చినందువల్ల సగం కూడా చూడలేకపోయారట. ముగ్గురిలో ఒకాయన అసలు దిగనే లేదట.” బావగారి చేతిలో బొండాం వంకర తిరిగింది.  తెలుగులోకి తెచ్చే దారిలో ఒకటి రెండు మాటలు నీళ్ళలోకి జారవిడిచినా ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకో జారవిడవబుద్ధి కాలేదు. “ఆ కాస్త చూసినదే చాలా గొప్పగా ఉందట. వచ్చే ఏడు జట్టుతో వస్తారట. ఈ పడవే కావాలట. దేశ పరిచయం మాత్రం... అక్కర్లేదట.”

 బావగారు బొండాలు అతిథులకు ఒక్కొక్కటే ఇచ్చి, నా దగ్గరికి వచ్చి, “ఒరేయ్, కల్పించకుండా నువ్వో మాట చెప్పడం ఇదే వినడం. పైగా నీ మీదే,” అన్నారు. “సోమవారం షాపు నువ్వే తియ్యి.”

వాళ్ళు మరుసటి ఏడు వచ్చారు, ఆ పై ఏడూ వచ్చారు. ఎర్రగడ్డం ఆ మరుసటి ఏడు మొదటిరోజే దిగి, మావ వల చిక్కు విప్పి పైకి తెచ్చి ఇచ్చాడు. మావ దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసి, పిల్ల చేపల ఉయ్యాల పాడుచేశారని గొణిగాడు. ఆ తరవాత పెద్దావిడ రావడం ఆగిపోయింది. నేను ఈత నేర్చుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఒట్టు వేయించుకున్న అమ్మ వెళ్ళిపోయాక కూడా ఎందుకో మోకాళ్ళు దాటలేదు. ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మీ సముద్రం ఎలా ఉంటుందని అడిగితే, చెబుదామని నోరు తెరుస్తాను. ఆ ఆకుపచ్చటి ఆకాశం కళ్ళలోకి వస్తుంది. మాట ఆగిపోతుంది. షాపులో కుర్రాళ్ళు, సారుకు వయసు మీద పడిందని నవ్వుకుంటారు. అలాంటప్పుడు లాడ్జి హాలులో చేతులూపుతూ నిలబడ్డ ఆ సగం మీసం కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఏమీ చూడకముందు వాడు ఆ సముద్రం గురించి ఎంతసేపైనా మాట్లాడగలిగేవాడు.